పడమటి అంచున వెలిగి ఆరిన వెలుగు

ప్రశ్న: ఫిబ్రవరి రెండో శనివారం రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ డాబా మీదికి ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లాను. పడమటి వైపు, పటాన్‌చెరు మీద అన్నట్టుగా, చాలా కిందుగా ఒక నారింజ రంగు వెలుగు ఉన్నట్టుండి పెరిగి పది సెకన్లలో ఆరిపోయింది. నాలుగైదు నిమిషాలకు దాదాపు అదే చోట ఇంకొకటి. అరగంటలో అలా ఆరు చూశాను. చప్పుడు లేదు. విమానం దీపంలా మిణుకుమనలేదు. మావారు డ్రోన్ అంటున్నారు, మా అబ్బాయి గ్రహాంతరవాసులు అంటున్నాడు, మా అత్తగారు ఇంటికి మంచిది కాదంటున్నారు. ఫోనులో తీసిన వీడియోలో ఒక ఆకుపచ్చ చుక్క కూడా కదులుతూ కనిపిస్తోంది. ఇది ఏమిటి?

జవాబు:

అమ్మా, ముందు మిమ్మల్ని మెచ్చుకోవాలి. దిక్కు రాశారు, సమయం రాశారు, ఎంతసేపు వెలిగిందో రాశారు. ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుంటూ, ఆరు అంగుళాల దూరదర్శినిని స్కూటరు మీద మోసుకు తిరిగిన ముప్ఫై ఏళ్లలో నన్ను ఇలాంటివి అడిగినవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది "చాలా పెద్దది సార్, విపరీతమైన వేగం, మా మేడకు కాస్త పైనుంచే వెళ్లింది" అని మొదలుపెడతారు. పరిమాణం, వేగం, దూరం. రాత్రి ఆకాశంలో కంటికి తెలియనివి సరిగ్గా ఈ మూడే.

పగలు దూరం ఎలా తెలుస్తుంది? చెట్టు స్తంభాన్ని కొంత కప్పుతుంది, స్తంభం పక్కన మనిషి ఉంటాడు, మనిషి ఎంత ఉంటాడో మనకు తెలుసు. నల్లటి ఆకాశంలో ఒంటరి చుక్కకు అలాంటి ఆసరా ఏదీ ఉండదు. రెండు కళ్ల మధ్య ఆరున్నర సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. దానితో ఎదురింటి దూరం పోల్చుకోవచ్చు గానీ, చుక్క అర కిలోమీటరులో ఉందో అయిదు వందల కిలోమీటర్లలో ఉందో తేల్చుకోలేం. దూరం తెలియనప్పుడు ఎంత పెద్దదో తెలియదు, ఎంత వేగంగా పోతోందో తెలియదు. అయినా మెదడు ఊరుకోదు. తనకు తోచిన దూరం ఒకటి అనుకుని, దాని మీద మిగతా లెక్కంతా కట్టేసి, కళ్లారా చూశానని మన చేత ప్రమాణం చేయిస్తుంది.

ఇది నేను ఇతరుల మీద వేస్తున్న నింద కాదు. పాతికేళ్ల కిందట తార్నాకలో అద్దెకుండేవాళ్లం. ఒక రాత్రి ఏడు దాటాక ఇంటి ముందు నిలబడి ఉంటే ఉత్తరం నుంచి దక్షిణానికి ఏడు మసక వెలుగులు, గొడ్డలి అంచులా కోణంగా అమరి, నిశ్శబ్దంగా నా నెత్తిమీదుగా దాటిపోయాయి. ఒక్కొక్కటి విమానమంత ఉంటుందనిపించింది. ఒళ్లు జలదరించింది. మర్నాడు స్టాఫ్ రూములో నల్లబల్ల మీద బొమ్మ గీసి, ఎత్తు పది కిలోమీటర్లనుకుని వేగం కట్టి, ధ్వని వేగానికి ఎన్ని రెట్లో కూడా చెప్పాను. తెలుగు పాఠాలు చెప్పే మిత్రుడు ఒకాయన మాత్రం "పది కిలోమీటర్లని ఎవరు చెప్పారండీ" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. ఆ వారంలో నాలుగు సాయంత్రాలు బైనాక్యులర్ మెడలో వేసుకుని కాపలా కాశాను. నాలుగో రోజు మళ్లీ వచ్చాయి. కటకాల్లో చూస్తే రెక్కలు ఆడుతున్నాయి. కొంగలు! ఊళ్లో సోడియం దీపాల పసుపు వెలుగు వాటి తెల్లటి పొట్టల మీద పడి తిరిగొస్తోంది. పది కిలోమీటర్లు కాదు, రెండు మూడు వందల మీటర్లు. ఆ తర్వాత ఏడాదిపాటు కాలేజీలో నాకు కొంగల మాస్టారు అనే పేరు.

అప్పటినుంచి నేను ఆకాశంలో రెండే కొలుస్తాను. ఒకటి కోణం, రెండు సమయం. ఇది నా సొంత తెలివి కాదు. బేగంపేటలోని నిజామియా వేధశాలలో పనిచేసినవాళ్లు గత శతాబ్దం మొదట్లో ఆకాశ పటం కోసం లక్షల నక్షత్రాలను నమోదు చేశారు. వాళ్లు రాసుకున్నదీ ముఖ్యంగా ఇదే, ఏ చుక్క ఎక్కడ ఉంది, ఎప్పుడు ఉంది అని.

కోణం కొలవడానికి పరికరం అక్కరలేదు. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చిటికెన వేలి వెడల్పు 1 డిగ్రీ. చందమామ దానిలో సగమే, కావాలంటే ఈ పున్నమికి వేలు అడ్డం పెట్టి చూడండి, మొత్తం మాయమవుతుంది. పిల్లల చేతులు చిన్నవైనా కొలత పెద్దగా మారదు, చేయి పొడవు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి. మీరు రాసిన "చాలా కిందుగా" అన్న మాటను పిడికిళ్లలోకి మార్చాలి. డాబా మీద అదే చోట నిలబడి, ఆ రాత్రి వెలుగు ఏ నీళ్ల ట్యాంకుకు, ఏ సెల్ టవరుకు ఎంత పైన కనిపించిందో గుర్తు తెచ్చుకుని, ఆకాశం అంచు నుంచి కొలవండి. అర పిడికిలి నుంచి ఒక పిడికిలి లోపు వస్తుందని నా అంచనా. ఎందుకో చెబుతాను. ముందు, కానివాటిని పక్కన పెడదాం.

పడమట సాయంత్రం పూట అనుమానించాల్సిన మొదటి మనిషి శుక్రుడు. తెల్లవారుజామున వస్తే వేగుచుక్క అని మనవాళ్లు ముద్దుగా పిలిచిన ఆయనే. సూర్యచంద్రుల తర్వాత ఆకాశంలో అంత కాంతిగల గ్రహం, నక్షత్రం ఇంకొకటి లేదు. సూర్యుడి నుంచి 47 డిగ్రీలు దాటి జరగడు కాబట్టి నడిరాత్రి హైదరాబాద్‌లో కనిపించడం మాత్రం కుదరదు. ఎవరైనా అర్ధరాత్రి శుక్రుడిని చూశానంటే అది గురుగ్రహమో, ఇంకేదో. మీ వెలుగు పది సెకన్లలో ఆరింది, శుక్రుడు అలా ఆరడు. మబ్బు అడ్డొచ్చి ఆరాడనుకున్నా, ఆరుసార్లు లెక్కగా పెరిగి తగ్గడం మబ్బుకు చేతకాదు.

శీతాకాలంలో చాలామందిని బోల్తా కొట్టించేది దక్షిణాన అగస్త్య నక్షత్రం. హైదరాబాద్ నుంచి అది ఎంత పైకి ఎక్కినా 20 డిగ్రీలే, అంటే రెండు పిడికిళ్లు. అంత కింద ఉండటం వల్ల ఎరుపు, పచ్చ, నీలం రంగులు మారుస్తూ వణుకుతుంది. "డ్రోన్ ఒకే చోట నిలబడి రంగులు మారుస్తోంది" అని నాకు వచ్చిన ఫోన్లలో సగం అగస్త్యుడివో, మృగవ్యాధుడు అనే సిరియస్ నక్షత్రానివో. చుక్కనే చాలాసేపు రెప్ప వేయకుండా చూస్తే అది జరుగుతున్నట్టు కూడా ఉంటుంది. 1799లో హంబోల్ట్ అంతటి జర్మన్ శాస్త్రవేత్త నక్షత్రాలు ఊగుతున్నాయని రాసుకున్నాడు. ఊగింది చూసేవాడి కన్నేనని తర్వాత తేలింది. మీది పడమర కాబట్టి అగస్త్యుడిని వదిలేద్దాం.

విమానాల సంగతి కాస్త నిలబడి చూడాలి. దిగబోతున్న విమానం ముందు దీపాలు సూటిగా మీ వైపు తిరిగి ఉంటే, అది ముప్ఫై నలభై కిలోమీటర్ల అవతల ఉన్నా నిలబడిపోయిన పెద్ద చుక్కలా కనిపిస్తుంది. మీ వైపే వస్తోంది కాబట్టి పక్కకు జరగదు. ఆ తెల్లటి వెలుగు ముందు ఎర్ర, పచ్చ చిన్న దీపాలు కంటికి ఆనవు. తర్వాత విమానం మలుపు తిరుగుతుంది, వెలుగు ఆరినట్టవుతుంది. కొద్ది నిమిషాలకు వెనక విమానం అదే దారిలో వస్తుంది. మీ వర్ణనకు చాలా దగ్గరగా ఉంది కదా? శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి, పడమటి నుంచి దిగే రోజుల్లో ఈ వరస బాగా కనిపిస్తుంది. కానీ అది మీకు దక్షిణం వైపు, ముప్ఫై కిలోమీటర్ల దూరాన. దుండిగల్ వైమానిక అకాడమీ అనుకుందామంటే అది ఉత్తరాన ఉంది. నేరుగా పడమరలో, అంత కిందుగా ఆరు విమానాలు వరసగా మీ వైపు దీపాలు తిప్పుకుని రావడం అసాధ్యం కాదు గానీ నాకు నచ్చడం లేదు. పైగా విమానం దీపం నిమిషాల తరబడి నిలుస్తుంది, పది సెకన్లు కాదు.

చప్పుడు లేదన్న మాటను సాక్ష్యంగా తీసుకోకండి. పటాన్‌చెరు మీకు 12 కిలోమీటర్లు. అక్కడ నిజంగా ఏదైనా మోగినా ఆ ధ్వని మీ డాబాకు చేరడానికి 35 సెకన్లు పడుతుంది. అప్పటికి మీ వెలుగు ఆరిపోయి ఉంటుంది. బాచుపల్లి రోడ్డు రొద దాటి అది వినిపించడం మరో కథ.

మీవారి డ్రోన్ వాదన. పెళ్లిళ్లకు తిప్పే చిన్న డ్రోన్ దీపం 12 కిలోమీటర్ల దూరం నుంచి కంటికి కనిపించదు. దగ్గరలోనే ఎగిరిందంటే మీరు ఆ అరగంటలో దాని కదలిక పట్టేసేవారు. సంక్రాంతికి పతంగి దారానికి కట్టి వదిలే దీపాలు, పుట్టినరోజులకు వదిలే కాగితపు లాంతర్లు కూడా గాలివాటున జరుగుతూ పోతాయి తప్ప ఒకేచోట వెలిగి ఆరవు. ఫంక్షన్ హాళ్ల వాళ్లు ఆకాశంలోకి తిప్పే కాంతి స్తంభాలు మబ్బుల మీద గుండ్రటి మరకల్లా తిరుగుతాయి, ఆ రాత్రి మబ్బు ఉందని మీరు రాయలేదు. వీటన్నిటినీ కొట్టేశాను.

హైదరాబాద్‌కు మాత్రమే ప్రత్యేకమైన అనుమానితుడు ఇంకొకరున్నారు. మీకు సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి పలచటి పాలిథీన్‌తో చేసిన బ్రహ్మాండమైన బెలూన్లు శాస్త్ర పరికరాలు మోసుకుని ముప్ఫై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు వెళతాయి. అంత ఎత్తున ఉన్న బెలూనుకు మనకు పొద్దు గూకిన తర్వాత కూడా దాదాపు పాతిక నిమిషాలు ఎండ తగులుతూనే ఉంటుంది. కింద చీకటి, పైన ఒక తెల్లటి ముత్యం కదలకుండా. కాసేపటికి అది నారింజకు, ఎరుపుకు తిరిగి ఆరిపోతుంది. ఒకసారి నా దూరదర్శినిలో పట్టుకున్నాను, లోపల దీపం పెట్టిన ఉల్లిగడ్డలా ఉంది, గీతలతో సహా. ఎవరూ చెప్పకపోతే నేనూ బెదిరేవాడినే. 2022 డిసెంబరులో అక్కడి నుంచి వెళ్లిన ఒక ప్రయోగం తాలూకు పెద్ద గుళిక వికారాబాద్ జిల్లాలో పొలాల్లో దిగితే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వచ్చాయి. మనుషులను బెలూనులో ఎత్తుకు తీసుకెళ్లాలనుకుంటున్న విదేశీ సంస్థ పరీక్ష అది, లోపల ఎవరూ లేరు.

మీ అబ్బాయికి ఇది చెప్పండి. 2005లో హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టుకొచ్చింది. వాటిలో మూడు కొత్త జాతుల బ్యాక్టీరియా దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టారు. అవి వేరే లోకం నుంచి వచ్చాయని తేలిందని ఇస్రో కూడా అనలేదు. అయినా ఆకాశవాసులను వెతికే కుర్రవాడికి ఇంతకంటే మంచి కబురు మన ఊళ్లో దొరకదు.

ఉల్కలంటారా, రెండు సెకన్లలో గీత గీసి పోతాయి. పాత రాకెట్ ముక్క తిరిగి వాతావరణంలో పడితే ముక్కలు ముక్కలుగా మండుతూ నిమిషం పాటు సాగుతుంది. 2022 ఏప్రిల్ 2న, ఉగాది నాటి రాత్రి, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో జనం చూసింది అదే. అది చైనా రాకెట్ భాగమని నిపుణులు లెక్కకట్టారు. చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు చక్రం ఒకటి నేల మీద దొరికింది. అదే ఏడాది డిసెంబరు 15న ఒడిశా తీరం నుంచి అగ్ని-5 క్షిపణిని పరీక్షించిన సాయంత్రం బెంగాల్‌లో ఊళ్లకు ఊళ్లు ఆకాశం చూస్తూ నిలబడ్డాయి. ఇలాంటివి రాష్ట్రమంతా చూస్తుంది. మీరు చూసింది ఇంకెవరూ చెప్పుకోలేదు కదా. ఎందుకంటే అది పడమటి అంచున, మేడల వెనక జరిగింది. ఎత్తయిన డాబా ఉండి, ఆ క్షణంలో అటే చూసిన వాళ్లకే కనిపిస్తుంది.

ఇక ఆకుపచ్చ చుక్క. వీడియోను ఒకచోట ఆపండి. తెరలో ప్రకాశవంతమైన వీధి దీపం ఎక్కడుందో చూడండి. తెర నడిమధ్య బిందువు గుండా ఆ దీపం నుంచి ఒక గీత ఊహించుకుని అవతలి వైపుకు అంతే దూరం పోండి. ఆకుపచ్చ చుక్క అక్కడ ఉంటుంది. దీపం ఎడమ పైన ఉంటే చుక్క కుడి కింద. ఫోను కొద్దిగా కుడికి తిప్పితే దీపం తెరలో ఎడమకు జరుగుతుంది, చుక్క దానికి ఎదురుగా కుడికి పరుగెడుతుంది. ఫోను కటకాల మధ్య వీధి దీపపు వెలుగు రెండుసార్లు తిరిగి పడటం వల్ల వచ్చే నీడ ఇది. మీరు డాబా మీద ఉన్నప్పుడు కంటితో ఆకుపచ్చ చుక్కను చూడలేదు, వీడియోలోనే చూశారు. అది ఆకాశంలో లేదు, మీ ఫోనులో ఉంది. అలాగే ఫోనులో బాగా దగ్గరకు లాగితే ఏ చుక్కైనా కొట్టుకుంటున్న బుడగలా తయారవుతుంది. ఆ బుడగలను వ్యోమనౌకలని చూపించే వీడియోలు రోజుకొకటి వస్తాయి, నేను తెరవడం మానేశాను.

మిగిలిన ఆరు వెలుగుల విషయంలో నా పందెం ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాల మీద.

ఈ పేరు వినగానే రైలు పెట్టెల్లా వరసగా పోయే చుక్కలు గుర్తొస్తాయి. 2019 మేలో మొదటి 60 ఉపగ్రహాలను ఒకేసారి పంపినప్పటి నుంచి ఆ బారు ప్రపంచమంతటినీ హడలగొట్టింది. అయితే ఆ బారు ప్రయోగం జరిగిన కొత్తలోనే ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటీ విడివడి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తన కక్ష్యలో తాను తిరుగుతుంది. అలా తిరిగేవి ఇప్పుడు వేలు ఉన్నాయి. ఉపగ్రహానికి సొంత దీపం లేదు, సూర్యకాంతి పడితేనే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో పొద్దు గూకిన గంటన్నర, గంటా ముప్పావు తర్వాత మన నడినెత్తి మీద ఆ ఎత్తున ఉన్నవన్నీ భూమి నీడలోకి వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఉపగ్రహాలు కనిపించవని నేనూ చాలా ఏళ్లు చెప్పేవాడిని. అది సగం నిజమే.

ఫిబ్రవరిలో మనకు సూర్యుడు ఆరుంబావుకు అస్తమిస్తాడు. రాత్రి తొమ్మిదికి ఆయన మన పడమటి అంచుకు సుమారు 40 డిగ్రీలు కింద, నేల అవతల ఉంటాడు. మన నెత్తి మీద చీకటి. కానీ మనకు పడమరగా 2,000 కిలోమీటర్ల అవతల ఇంకా రాత్రి అంత ముదరలేదు. అక్కడ 550 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి ఎండ అంచు తగులుతూనే ఉంటుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల అంత దూరాన ఉన్న ఉపగ్రహం మనకు ఆకాశం అంచు నుంచి అయిదారు డిగ్రీల ఎత్తులో, అంటే అర పిడికిలి ఎత్తులో కనిపిస్తుంది. ఇందాక అర పిడికిలి అని అందుకే అన్నాను.

అది అద్దంలా మెరవడానికి కారణం దాని అడుగుభాగం. ఈ ఉపగ్రహాల అడుగు బల్లపరుపుగా, నున్నగా ఉండి ఎప్పుడూ భూమి వైపే చూస్తుంటుంది. సూర్యకాంతి అవతలి వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఆ అడుగుకు తగిలి అంతే ఏటవాలుగా మన వైపు జారిపోతుంది. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడండి. ఎదుటి నుంచి వచ్చే ప్రతి బస్సు అద్దమూ ఒకే చోట ఒక్క క్షణం భగ్గుమని మెరిసి ఆరిపోతుంది. బస్సు మారుతుంది, మెరిసే చోటు మారదు, ఎందుకంటే ఆ చోటును నిర్ణయించేది బస్సు కాదు, మీరూ సూర్యుడూ. ఆకాశంలోనూ ఇదే కథ. ఒక ఉపగ్రహం ఆ కోణంలోకి వచ్చి వెలుగుతుంది, దాటిపోయి ఆరుతుంది, కాసేపటికి వేరొకటి అదే కోణంలోకి వస్తుంది. అందుకే ఆరూ ఒకేచోట అనిపించాయి. పది సెకన్లలో అది 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది. అంత దూరం నుంచి చూసే మీకు అది మహా అయితే రెండు చిటికెన వేళ్ల జరుగుడు. పక్కన నక్షత్రం గానీ టవరు గానీ ఆనవాలుగా పెట్టుకోకపోతే నిలబడే ఉందనిపిస్తుంది.

రంగు గురించి. అంత కిందుగా చూస్తే మన చూపు నడినెత్తి కంటే తొమ్మిది పది రెట్లు ఎక్కువ గాలిని దాటాలి. పైగా శీతాకాలపు ధూళి. అస్తమించే సూర్యుడికి పూసిన రంగే దీనికీ పూస్తుంది.

ఈ మెరుపులు చూసి బెదిరినవాళ్లలో విమాన పైలట్లే ముందున్నారు. రాత్రి పూట ఆకాశం అంచున వెలుగులు గుండ్రంగా తిరుగుతున్నాయని 2022 నుంచి చాలామంది చెప్పారు. వాళ్లకు అడ్డంగా మేడలు ఉండవు, ధూళి ఉండదు. మనకు వాన వెలిసిన రాత్రో, గాలి తేటగా ఉన్న శీతాకాలపు రాత్రో అయితే తప్ప దొరకవు. అది మీ అదృష్టం.

అంటే మీరు పటాన్‌చెరు మీద చూశాననుకున్న వెలుగు అరేబియా సముద్రం మీద, ఒమన్ తీరం వైపు ఉంది. 12 కిలోమీటర్లు కాదు, రెండు వేలు. నా కొంగలకు నేను దూరం ఎక్కువ కట్టాను, మీ ఉపగ్రహానికి మీరు తక్కువ కట్టారు. లెక్క సరిపోయింది.

నా మాట నమ్మనక్కర లేదు, పరీక్షించండి. నేను చెప్పింది నిజమైతే ఈ మెరుపులు పొద్దు గూకిన రెండున్నర గంటల నుంచి మూడుంబావు గంటల మధ్యే రావాలి, ఇప్పుడైతే ఎనిమిదీ ముప్పావు నుంచి తొమ్మిదిన్నర లోపు. రాత్రి పదకొండున్నరకు అదే పడమటి చోట కనిపిస్తే నేను తప్పు. సూర్యుడు ఉదయించే ముందు కూడా ఇదే కోణం వస్తుంది కాబట్టి తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో తూర్పు అంచున ఇలాంటివే కనిపించాలి. అక్కడ కనిపిస్తే మీ పటాన్‌చెరు డ్రోన్ వాదన నిలవదు. ఫోనును చేతిలో పట్టుకోకండి, పిట్టగోడ మీద ఇటుకకు ఆనించి రాత్రి మోడ్‌లో పది సెకన్ల ఫొటో తీయండి. చిన్న గీతలా వస్తే ఉపగ్రహం, గీత పొడవునా చుక్కలు చుక్కలుగా వస్తే విమానం. ఫ్లైట్‌రాడార్24 అనే యాప్ తెరిచి ఆ నిమిషంలో పడమట ఏ విమానం ఉందో కూడా చూసుకోండి. స్టెల్లారియం అనే ఆకాశ పటం యాప్‌లో మీ ఊరు పెట్టుకుంటే నిలకడగా ఉన్న చుక్కల పేర్లు వస్తాయి. ఈ మెరుపులను ముందుగా చెప్పే విషయంలో మాత్రం ఆ యాప్‌ల మీద ఆశ పెట్టుకోకండి, మీ గడియారమే నయం.

గుర్తు తెలియని ఎగిరే వస్తువుల మీద అమెరికా వైమానిక దళం 1969 వరకు నడిపిన బ్లూ బుక్ అనే విచారణలో 12,618 నివేదికలు చేరాయి. 701 చివరికీ తేలలేదు. మీ అబ్బాయి ఆ 701ని పట్టుకుని వాదిస్తాడు, ఈ వయసు పిల్లలందరూ అదే చేస్తారు, నేనూ చేశాను. ఆ నివేదికల్లో కోణం ఎంత, సమయం ఎంత అని రాసి ఉన్నవి ఎన్ని అని అడగండి.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. తోకచుక్కకూ తెగిపడే చుక్కకూ మన పెద్దలు శకునం చెప్పారు, ఇది రెండూ కాదు. ఇంటర్నెట్ కోసం మనుషులు పైకి పంపిన సామాను మీద పడిన ఎండ. ఆ మాట మీరు చెబితే పాఠంలా ఉంటుంది. ఆవిడకు డాబా మీద కుర్చీ వేసి, పెళ్లిలో ఆకాశం వైపు చూపించిన అరుంధతి ఏదో చూపించమని అడగండి. ఇప్పటి నిజాంపేట వెలుగుల్లో సప్తర్షులే కష్టం మీద కనిపిస్తాయి. ఫిబ్రవరిలో తొమ్మిదికి అవి ఈశాన్యాన అప్పుడప్పుడే పైకి వస్తుంటాయి. ఆవిడ వెతుకుతుండగా మీరు పడమర చూడండి.

నేను ఉండేది నాగోల్‌లో, మీకు పాతిక కిలోమీటర్ల దూరం. వెలుగు నిజంగా పటాన్‌చెరు మీద ఉంటే మీకు సూటిగా పడమరలో కనిపించినది నాకు మూడు పిడికిళ్లు ఉత్తరానికి జరిగి కనిపించాలి. ఒమన్ వైపు ఉంటే ఇద్దరికీ ఒకే దిక్కు, ఒక చిటికెన వేలు తేడా కూడా ఉండదు. వచ్చే శనివారం ఆకాశం తేటగా ఉంటే ఎనిమిది నలభైకి నేను మా డాబా ఎక్కుతాను. మీకు వెలుగు కనిపించిన ప్రతిసారీ గంట, నిమిషం, సెకను, సూటి పడమర నుంచి ఎన్ని పిడికిళ్లు అన్నది కాగితం మీద రాసి ఇక్కడ పెట్టండి. నా కాగితం నేను పెడతాను.